‘నంబర్స్’ సీరియల్‌లో లెక్కలు ఎంతవరకు నిజం? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ సీరియల్ గురించి?

అమెరికాలో సీబీఎస్ ఛానల్‌లో 2005 జనవరి 23న మొదలై 2010 మార్చి 12న ముగిసిన ‘నంబర్స్’ గురించి. ఆరు సీజన్లు, 118 ఎపిసోడ్లు. నికొలస్ ఫలాచ్చి, షెరిల్ హ్యూటన్ అనే దంపతులు సృష్టించారు. నిర్మాతల్లో రిడ్లీ స్కాట్, టోనీ స్కాట్ సోదరులు కూడా ఉన్నారు. అన్న డాన్ ఎప్స్ లాస్ ఏంజెలెస్‌లో ఎఫ్‌బీఐ ఏజెంటు. తమ్ముడు చార్లీ గణిత ప్రొఫెసరు. అన్నకు కేసు కొరుకుడుపడనప్పుడల్లా తమ్ముడు సుద్దముక్క అందుకుంటాడు. చార్లీ పనిచేసే ‘కాల్‌సై’ కల్పిత సంస్థే అయినా, దానికి నమూనా పాసడీనాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం. కొన్ని దృశ్యాలు అక్కడే తీశారు.

బోర్డు మీద రాసే సమీకరణాలు నిజమైనవా, ఊరికే గీకినవా?

చాలావరకు నిజమైనవే. సినిమాల్లో మేధావి అనగానే వెనక బోర్డు నిండా ఆల్ఫాలు, బీటాలు, ఎటు పోతాయో తెలియని సమాకలనాలు కనిపిస్తాయి. ఈ సీరియల్‌లో అలా జరగకుండా కాల్‌టెక్ గణిత ఆచార్యుడు గ్యారీ లోర్డెన్ స్క్రిప్టులు చదివి సలహా ఇచ్చేవారు. ఆయనది గణాంకశాస్త్రం, సంభావ్యత. నేర పరిశోధన కథలకు అంతకంటే పనికొచ్చే శాఖ లేదు. తర్వాత మ్యాథమెటికా సాఫ్ట్‌వేర్ తయారుచేసే వుల్ఫ్రామ్ రీసెర్చ్ నిపుణులూ తోడయ్యారు. 2007లో లోర్డెన్, మరో గణితజ్ఞుడు కీత్ డెవ్లిన్ కలిసి ఈ సీరియల్ వెనకున్న గణితం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

అయితే గణితజ్ఞులందరూ చప్పట్లు కొట్టలేదు. కొన్ని ఎపిసోడ్లకు సలహా ఇచ్చిన ఆలిస్ సిల్వర్‌బర్గ్, ఇర్విన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆచార్యురాలు, తన అసంతృప్తిని 2006లో అమెరికా గణిత సంఘం పత్రికలోనే రాశారు. కథ దాదాపు తయారయ్యాక, అందులో ఇమిడే గణితం ఏదైనా ఉంటే చెప్పమని అడుగుతారన్నది ఆమె ఫిర్యాదుల్లో ఒకటి. ఎపిసోడ్లు వరసగా చూస్తే ఆ తేడా తెలుస్తుంది. కొన్నిట్లో గణితమే కథను నడుపుతుంది. కొన్నిట్లో ఒక మంచి సిద్ధాంతం పేరు వినిపించి, చార్లీ కళ్లు మెరిసి, ఎఫ్‌బీఐ వాహనాలు బయలుదేరతాయి. ఆ సిద్ధాంతం స్థానంలో ఇంకో పేరు పెట్టినా కథ ఆగదు.

నా లెక్క ప్రకారం ఈ సీరియల్‌లో ఫార్ములాలు తప్పడం తక్కువ. తప్పేది వాటికి ఇచ్చే సమాచారం, పట్టే సమయం, వచ్చిన జవాబు మీద పెట్టుకునే నమ్మకం. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

మొదటి ఎపిసోడ్‌లో హంతకుడి ఇంటిని పట్టిచ్చే ఫార్ములా నిజంగా ఉందా?

ఉంది. కెనడాలోని వాంకూవర్‌లో పోలీసు అధికారిగా పనిచేసిన కిమ్ రోస్మో దాన్ని కనిపెట్టాడు. 1991లో జపాన్ బుల్లెట్ రైల్లో వెళ్తుండగా నాప్కిన్ మీద మొదటిసారి రాసుకున్నాడని చెబుతారు. సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో ఇదే అంశం మీద 1995లో డాక్టరేట్ సిద్ధాంతగ్రంథం పూర్తిచేశాడు. ఈ పద్ధతికి జియోగ్రాఫిక్ ప్రొఫైలింగ్ అని పేరు.

చార్లీ దీన్ని పచ్చిక మీద నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్‌తో వివరిస్తాడు. తర్వాతి చుక్క ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ పడిన చుక్కలన్నీ చూస్తే స్ప్రింక్లర్ ఎక్కడుందో చెప్పొచ్చు. టీవీలో గణితాన్ని ఇంత శుభ్రంగా విప్పి చెప్పిన సందర్భాలు అరుదు.

అసలు ఫార్ములా పనిచేసే తీరు ఇది. నగరం పటాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ప్రతి గడికీ ‘నేరస్తుడు ఇక్కడే ఉంటే, ఈ నేరాలన్నీ ఇంతింత దూరంలో చేసి ఉండేవాడా?’ అన్న ప్రశ్న వేసి మార్కులిస్తారు. ఆ మార్కుల్లో రెండు ఊహలు కలిసి ఉంటాయి. ఒకటి, మనిషి నేరం కోసం మరీ దూరం పోడు, కాబట్టి దూరం పెరిగేకొద్దీ మార్కులు తగ్గాలి. రెండోది, తన వీధిలో తనే నేరం చేస్తే ఎవరైనా గుర్తుపడతారు, కాబట్టి ఇంటి చుట్టూ కొంత మేర వదిలేస్తాడు. దూరాన్ని కాకి ఎగిరినట్టు తిన్నగా కొలవరు, వీధుల వెంట మలుపులు తిరుగుతూ కొలుస్తారు. అన్ని నేరస్థలాల నుంచి వచ్చిన మార్కులు కూడితే, పటం మీద కొన్ని గళ్లు ఎర్రబడతాయి.

మరి ఆ ఎర్రగళ్లలో మనిషి నిజంగా దొరుకుతాడా?

దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఆ ఎపిసోడ్‌ను మెచ్చుకోవాల్సింది ఇక్కడే. చార్లీ మొదటి లెక్క విఫలమవుతుంది. ఎర్రగళ్లలో ఉన్న మగవాళ్ల డీఎన్‌ఏ పరీక్షిస్తే ఎవరిదీ సరిపోదు. నేరస్తుడికి ఇల్లొక్కటే కాదు, పనిచేసే చోటు కూడా కేంద్రమే కావచ్చని తర్వాత తట్టి లెక్క మారుస్తాడు.

రోస్మో నిజంగా పనిచేసిన లూసియానా రాష్ట్రం లాఫయెట్ కేసు ఇంకా చిత్రమైనది. వరస అత్యాచారాల నిందితుడు ఎక్కడుంటాడో ఆయన ఒక చిన్న ప్రాంతానికి కుదించాడు. చివరికి దొరికినవాడు షెరీఫ్ ఆఫీసులో పనిచేసే ఉద్యోగి. నేరాలు జరిగిన కాలంలో అతను ఆ ప్రాంతంలోనే ఉండేవాడు, తర్వాత ఇల్లు మారాడు. పట్టించిన దారం మాత్రం ఎవరో ఇచ్చిన సమాచారం. పారేసిన సిగరెట్ పీక మీది డీఎన్‌ఏతో అది రుజువైంది. టీవీలో అయితే ఆ సమాచారం ఇచ్చినవాడు కథలోనే ఉండడు, ఘనతంతా సమీకరణానికే పోతుంది.

మరో మాట కూడా చెప్పాలి. 2000ల మొదట్లో బ్రెంట్ స్నూక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో, ‘నేరస్తులు చాలావరకు నేరస్థలాలకు దగ్గర్లోనే ఉంటారు’ లాంటి ఒకటి రెండు చిన్న సూచనలు చెబితే మామూలు మనుషులు కూడా కంప్యూటర్ పద్ధతికి దీటుగా అంచనా వేయగలిగారు. దీని మీద రోస్మో వాదించాడు, వాళ్లూ తిరిగి వాదించారు. అనుభవమున్న హెడ్ కానిస్టేబుల్ ఎవరైనా ఈ వాదన వింటే నవ్వుకుంటాడు.

సీరియల్ మొత్తంలో అతిపెద్ద గణిత పొరపాటు ఏది?

మొదటి సీజన్‌లోని ‘ప్రైమ్ సస్పెక్ట్’కే నా ఓటు. ఒక గణితజ్ఞుడి చిన్న కూతుర్ని ఎత్తుకుపోతారు. ఆయన రీమాన్ పరికల్పనను నిరూపించే దశకు వచ్చాడని, ఆ నిరూపణ చేతికొస్తే ఇంటర్నెట్ రహస్య సంకేతాలన్నీ విప్పేయవచ్చని దొంగల ఆశ.

రీమాన్ పరికల్పన 1859 నాటిది. ప్రధాన సంఖ్యలు సంఖ్యారేఖ మీద ఎంత క్రమంగా పరుచుకుని ఉన్నాయో చెప్పే ఊహ అది. క్లే గణిత సంస్థ 2000లో ప్రకటించిన పది లక్షల డాలర్ల బహుమతి ప్రశ్నల్లో ఇదొకటి, ఇంకా ఎవరూ నిరూపించలేదు. ఇంతవరకు ఎపిసోడ్ చెప్పింది నిజం.

ఇక సంకేతాల సంగతి. 1977లో పుట్టిన ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతి ఒక తేలిక పని, ఒక కష్టమైన పని మధ్య తేడా మీద నడుస్తుంది. 89ని 97తో గుణించమంటే బడిపిల్లవాడు కూడా 8,633 అని చెప్పేస్తాడు. 8,633 ఇచ్చి దాని కారణాంకాలు చెప్పమంటే కాగితం, కలం, కాస్త ఓపిక కావాలి. ఆ రెండు సంఖ్యల్లో ఒక్కోదానికి మూడేసి వందల అంకెలుంటే కంప్యూటర్లు కూడా చేతులెత్తేస్తాయి.

రీమాన్ పరికల్పన నిజమని తేలినా ఈ కారణాంక విభజన తేలిక కాదు. ప్రధాన సంఖ్యలు మొత్తంగా ఎలా పరుచుకున్నాయో తెలిసినంత మాత్రాన, ఫలానా సంఖ్య ఏ రెండింటిని గుణిస్తే వచ్చిందో తెలియదు. ఇంకో చిక్కు కూడా ఉంది. సంకేతం విప్పాలనుకునే దొంగకు నిరూపణతో పనేముంది? పరికల్పన నిజమే అనుకుని ఈ రోజే ప్రోగ్రాం రాసుకోవచ్చు. సంకేతం విప్పుకుంటే చాలు, పరీక్ష పేపర్ దిద్దే మేష్టారు ఎవరూ అక్కడ ఉండరు. అంటే ఆ పాపను ఎత్తుకుపోయిన దొంగలు గణితంలో తప్పారు.

రచయితల తరఫున ఒక మాట. నిరూపణ కోసం వెతికే క్రమంలో కారణాంకాలను వేగంగా కనుక్కునే కొత్త పద్ధతి ఏదైనా పుట్టొచ్చని వాదించవచ్చు. అది ఆశ మాత్రమే, సిద్ధాంతం కాదు. ఆ గణితజ్ఞుడి నిరూపణలో తప్పుందని చార్లీ పసిగట్టే ఘట్టం మాత్రం చక్కగా కుదిరింది. పెద్ద ప్రశ్నల మీద వచ్చే ‘నిరూపణ’ల్లో ఎక్కువభాగం గతి అదే.

సంకేతం విప్పడానికి, పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చెప్పగలిగితే చాలదా?

చాలదు. ఇది చాలామంది పొరబడే చోటు. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో వేగంగా, ఏ సందేహమూ లేకుండా తేల్చే పద్ధతి ఇచ్చారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. బ్యాంకులు వాడే ఆర్‌ఎస్‌ఏ తాళాలు మాత్రం చెక్కుచెదరలేదు. ‘ఈ సంఖ్యకు కారణాంకాలు ఉన్నాయి’ అని తేల్చడం వేరు, అవేమిటో చెప్పడం వేరు. 2020లో 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను విడగొట్టడానికే ఎన్నో కంప్యూటర్లు కలిసి పనిచేయాల్సివచ్చింది. వాడుకలో ఉన్న తాళాలకు 617 అంకెలుంటాయి.

‘అన్‌సర్టెనిటీ ప్రిన్సిపుల్’ ఎపిసోడ్‌లో హైసెన్‌బర్గ్‌ను సరిగ్గానే వాడారా?

పేరు సరైనది, వాడకం కాదు. బ్యాంకు దొంగలు తర్వాత ఎక్కడ దాడి చేస్తారో చార్లీ లెక్కగట్టి చెబుతాడు. ఎఫ్‌బీఐ అక్కడ కాపుకాస్తుంది, కాల్పులు జరుగుతాయి. గమనించడం వల్ల గమనించే వస్తువు మారిపోతుందని భౌతిక శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ చెప్పినట్టు, పోలీసులు చూస్తున్నారని తెలిశాక దొంగల నడక కూడా మారుతుందని పోలిక.

1927లో హైసెన్‌బర్గ్ చెప్పిన అనిశ్చితత్వ నియమం ఎలక్ట్రాన్ వంటి కణం స్థానం, ద్రవ్యవేగం రెండూ ఒకేసారి ఒక హద్దుకు మించి కచ్చితంగా ఉండలేవని చెబుతుంది. ఎవరు చూసినా చూడకపోయినా ఆ హద్దు ఉంటుంది. పోలీసులను చూసి దొంగ జాగ్రత్తపడటం మనిషి తెలివి, దానికి క్వాంటం అక్కర్లేదు. ఆ మాటకొస్తే హైసెన్‌బర్గ్ కూడా మొదట్లో సూక్ష్మదర్శినితో చూస్తే ఎలక్ట్రాన్ కదిలిపోతుందన్న ఉదాహరణతోనే చెప్పాడు, కాబట్టి రచయితలను మరీ తిట్టలేం.

పొరపాటు సంగతి అలా ఉంచితే, కథలోని ఆలోచన బలమైనది. వానకు మన అంచనా తెలియదు. దొంగకు తెలుస్తుంది.

అదే ఎపిసోడ్‌లో చార్లీ గ్యారేజీలో దూరి చేసే ‘పి వర్సెస్ ఎన్‌పి’ ఏమిటి? అందులో మైన్‌స్వీపర్ గొడవ నిజమేనా?

నిజమే. జవాబు ఇస్తే సరిచూడటం తేలికైన ప్రతి ప్రశ్నకూ, జవాబు కనుక్కోవడం కూడా తేలికేనా అన్నది ఆ సమస్య. ఇది కూడా క్లే బహుమతి జాబితాలోదే. గళ్ల కింద దాగిన బాంబులను తప్పించుకుంటూ ఆడే కంప్యూటర్ ఆట మైన్‌స్వీపర్ కూడా, సరిచూడటం తేలికైనా కనుక్కోవడం కష్టంగా కనిపించే ఈ ప్రశ్నల కోవలోకే వస్తుందని రిచర్డ్ కే 2000లో చూపించాడు. మనం ఆఫీసులో ఆడే చిన్న పలకకు ఇది వర్తించదు, పలక పెరుగుతూ పోతేనే కష్టం తెలుస్తుంది.

మూడు తలుపుల లెక్కలో చార్లీ చెప్పింది సరైనదేనా?

సరైనదే. మూడు తలుపులు, ఒకదాని వెనక కారు, మిగతా రెండింటి వెనక మేకలు. మీరొకటి ఎంచుకుంటారు. ఎక్కడేముందో తెలిసిన వ్యాఖ్యాత, మిగిలిన రెండింట్లో మేక ఉన్న తలుపు ఒకటి తెరిచి, ‘మారతారా?’ అంటాడు. మారడమే లాభం. మారితే గెలిచే అవకాశం మూడింట రెండు వంతులు. మొదట మీరు మేకను ఎంచుకునే అవకాశం మూడింట రెండు వంతులు కదా, అలా ఎంచుకున్న ప్రతిసారీ మారితే కారు దొరుకుతుంది.

1990లో మెరిలిన్ వోస్ సావంత్ అనే కాలమిస్టు ఇదే జవాబు రాస్తే సుమారు 10,000 ఉత్తరాలు వచ్చాయి. తప్పని ఎగతాళి చేసినవాళ్లలో గణితంలో డాక్టరేట్లు ఉన్నవాళ్లూ ఉన్నారు.

ఒక షరతు మరిచిపోతే మాత్రం జవాబు మారిపోతుంది. వ్యాఖ్యాతకు కారు ఎక్కడుందో తెలిసి ఉండాలి, ప్రతిసారీ మేక తలుపే తెరవాలి. అతను ఏదో ఒకటి గుడ్డిగా తెరిచి, అదృష్టం కొద్దీ మేక కనిపిస్తే, మారినా మారకపోయినా సగం సగమే. చెప్పేవాడికి ముందే ఏం తెలుసు అన్నది పోలీసు పనిలోనూ అసలు ప్రశ్న. ఇన్‌ఫార్మర్ ‘ఫలానా ఇంట్లో లేడు’ అన్నప్పుడు, చూసి అన్నాడా, ఊహించి అన్నాడా అని ఎస్‌ఐ అడుగుతాడు కదా.

బెన్‌ఫోర్డ్ సూత్రంతో దొంగల్ని పట్టుకోవచ్చా?

దొంగ లెక్కల్ని పట్టుకోవచ్చు. రెండో సీజన్‌లోని ‘ది రన్నింగ్ మ్యాన్’ (2006)లో ఈ సూత్రాన్ని వరస దొంగతనాలకు వాడతారు.

సూత్రం వింటే నమ్మబుద్ధి కాదు. నదుల పొడవులు, ఊళ్ల జనాభాలు, కంపెనీ ఖాతాల్లోని మొత్తాలు వంటి సంఖ్యలు ఒక పెద్ద జాబితాగా తీసుకుంటే, వాటిలో 1తో మొదలయ్యేవి సుమారు 30.1 శాతం ఉంటాయి, 2తో మొదలయ్యేవి 17.6 శాతం. అలా తగ్గుతూ 9కి వచ్చేసరికి 4.6 శాతమే. 1881లో సైమన్ న్యూకాంబ్ లాగరిథమ్ పుస్తకాల్లో మొదటి పేజీలు ఎక్కువ నలిగి ఉండటం చూసి ఇది గమనించాడు. 1938లో ఫ్రాంక్ బెన్‌ఫోర్డ్ రకరకాల జాబితాలతో మళ్లీ చూపించాడు. కల్పించి రాసే మనిషి అన్ని అంకెలనూ ఇంచుమించు సమానంగా వాడేస్తాడు కాబట్టి, దొంగ బిల్లులు, తప్పుడు పన్ను లెక్కలు ఏరడానికి ఆడిటర్లు దీన్ని వాడతారు.

అన్ని జాబితాలకూ ఇది పట్టదు. సంఖ్యలు అనేక రెట్ల తేడాతో విస్తరించి ఉండాలి, ఎవరో పంచిపెట్టిన నంబర్లు కాకూడదు. మనవైపు పిన్‌కోడ్‌లే తీసుకోండి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అన్నీ 5తోనే మొదలవుతాయి. మన సెల్ నంబర్లలో 1తో మొదలయ్యేది ఒక్కటీ ఉండదు. అంతమాత్రాన తపాలా శాఖ మోసం చేసిందనలేం. పెద్దవాళ్ల ఎత్తులు సెంటీమీటర్లలో రాస్తే దాదాపు అన్నీ 1తోనే మొదలవుతాయి, అందులోనూ మోసం లేదు.

పైగా ఈ సూత్రానికి సరిపోకపోవడం అనుమానానికి కారణమే, రుజువు కాదు. ఏ పద్దును విప్పి చూడాలో ఆడిటర్‌కు చెబుతుంది, ఆ తర్వాత పాత పద్ధతిలో రశీదులు తిరగేయాల్సిందే. చోరీల జాబితాకు దీన్ని అంటించి ఎపిసోడ్ కాస్త సాగదీసింది.

వేలిముద్రల్ని కూడా చార్లీ అనుమానిస్తాడు. అది అతి కాదా?

కాదు. ఈ ఒక్క విషయంలో సీరియల్ తన కాలం కంటే ముందుంది. ‘ఐడెంటిటీ క్రైసిస్’లో అతను అడిగే ప్రశ్న న్యాయమైనది. ఇద్దరి పూర్తి వేలిముద్రలు ఒకేలా ఉండవన్నది ఒక సంగతి. నేరస్థలంలో దొరికిన మసక ముద్ర ముక్క ఇంకొకరి ముద్ర ముక్కలా కనిపించే అవకాశం ఎంతన్నది వేరే సంగతి. రెండోదాన్ని అప్పటికి ఎవరూ సరిగా కొలవలేదు.

సీరియల్ మొదలవడానికి కొన్ని నెలల ముందే దీనికి నిజ జీవిత ఉదాహరణ దొరికింది. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాయి. అక్కడ దొరికిన ముద్రను ఎఫ్‌బీఐ కంప్యూటర్‌లో వెతికితే దగ్గరగా ఉన్న 20 పేర్లు వచ్చాయి. వాటిలోంచి ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన ఒక న్యాయవాది ముద్రే అని నిపుణులు తేల్చారు. ఆ న్యాయవాదిని రెండు వారాలు నిర్బంధంలో ఉంచారు. ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్తుడిదని స్పెయిన్ పోలీసులు చెప్పాక, ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. తర్వాత 20 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాల్సివచ్చింది. ఇక్కడ మెలిక ఏమిటంటే, డేటాబేస్ ఎంత పెద్దదైతే, అచ్చం అలాగే కనిపించే అమాయకుడు దొరికే అవకాశం అంత ఎక్కువ.

చార్లీ లెక్క కోర్టులో నిలుస్తుందా?

లెక్కల పేరుతో కోర్టులో జరిగిన అసలు కథ ఒకటి లాస్ ఏంజెలెస్‌లోనే ఉంది. 1964లో అక్కడి శాన్ పెడ్రో ప్రాంతంలో ఒక ముసలావిడ పర్సు ఎవరో లాక్కుపోయారు. బంగారు రంగు జుట్టును పోనీటెయిల్‌గా కట్టుకున్న తెల్లజాతి అమ్మాయి పరిగెత్తిందని, గడ్డం, మీసం ఉన్న నల్లజాతి మనిషి నడిపే పసుపు రంగు కారులో ఎక్కిందని సాక్షులు చెప్పారు. అలాంటి జంట ఒకటి దొరికింది.

ప్రాసిక్యూటర్ గణితం చెప్పే లెక్చరర్‌ను సాక్షిగా పిలిచాడు. పసుపు కారు ఉండే అవకాశం పదిలో ఒకటి, మీసమున్న మగవాడు నాలుగులో ఒకటి, పోనీటెయిల్ అమ్మాయి పదిలో ఒకటి, బంగారు జుట్టు మూడింట ఒకటి, గడ్డమున్న నల్లజాతి మగవాడు పదిలో ఒకటి, వేర్వేరు జాతుల జంట ఒకే కారులో ఉండటం వెయ్యిలో ఒకటి. అన్నిట్నీ గుణిస్తే కోటి ఇరవై లక్షల్లో ఒకటి. జ్యూరీ ఆ జంటను దోషులని తేల్చింది, శిక్ష పడింది.

ఇందులో తప్పులు పొరలు పొరలుగా ఉన్నాయి. అంకెలన్నీ ప్రాసిక్యూటర్ గాల్లోంచి తీసినవి. గుణించాలంటే ఆ లక్షణాలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు, కానీ గడ్డం పెంచేవాళ్లలో చాలామందికి మీసం కూడా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద తప్పు చివరిది. ‘యాదృచ్ఛికంగా ఎంచిన జంటకు ఈ లక్షణాలన్నీ ఉండే అవకాశం’ అనే సంఖ్యను ‘ఈ జంట నిర్దోషి అయ్యే అవకాశం’గా చదివారు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1968లో ఆ శిక్షను కొట్టేసింది. ప్రాసిక్యూటర్ అంకెలే నమ్మినా, ఆ ప్రాంతంలో అలాంటి రెండో జంట ఉండే అవకాశం 40 శాతానికి పైనే ఉండొచ్చని తీర్పు అనుబంధంలో లెక్క వేసి మరీ చూపించింది. తీర్పుతో పాటు బీజగణితం జతచేసిన జడ్జీలు ఎందరుంటారు!

ఈ కేసును ఇప్పటికి తెచ్చి చూద్దాం. పది లక్షల మందిలో ఒకరికి మాత్రమే సరిపోయే ఆధారం దొరికిందనుకోండి. లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభా సుమారు కోటి. అంటే నేరస్తుడు కాక, ఊరికే సరిపోయేవాళ్లు ఇంకో పదిమంది ఉంటారు. వేరే ఏ ఆధారమూ లేకుండా వాళ్లలో ఒకణ్ని పట్టుకొస్తే, వాడే నేరస్తుడయ్యే అవకాశం పదకొండింట ఒకటి. సీరియల్‌లో అలా ఆధారం సరిపోయిన మొదటివాడే దాదాపు ఎప్పుడూ నేరస్తుడవుతాడు. నన్ను ఎక్కువగా విసిగించేది అదే.

మసక వీడియోను ‘ఎన్‌హాన్స్’ చేసి ముఖం చూపించడం సాధ్యమా?

కెమెరా పట్టని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. నాలుగు చుక్కల్లో ఉన్న నంబర్ ప్లేటును చదవలేం. కానీ పట్టిన వివరం చుక్కల గందరగోళంలో, మసకలో దాగి ఉంటే గణితం వెలికి తీయగలదు. 1992 లాస్ ఏంజెలెస్ అల్లర్లలో ఒక లారీ డ్రైవర్‌ను చావబాదిన దృశ్యం హెలికాప్టర్ నుంచి తీసిన వీడియోలో ఉంది. నిందితుల్లో ఒకడి చేతి మీద చిన్న మచ్చ మాత్రమే కనిపించింది. బొమ్మలను గణితంతో శుభ్రం చేసే నిపుణుడు లియొనిడ్ రూడిన్ తన పద్ధతులతో ఆ బొమ్మను శుభ్రం చేస్తే, అది గులాబీ ఆకారపు పచ్చబొట్టని తేలింది. కోర్టులో అది ఆధారమైంది.

ఒక్క రాత్రిలో అన్ని లెక్కలు పూర్తవుతాయా?

అవ్వవు. నిజమైన కేసుల్లో ఎక్కువ సమయం సమాచారం శుభ్రం చేయడానికే పోతుంది. ఒక స్టేషన్‌లో చిరునామా ఒకలా రాస్తారు, పక్క స్టేషన్‌లో ఇంకోలా. నేరం రాత్రి జరిగితే, ఫిర్యాదు నమోదైన సమయాన్నే నేర సమయంగా ఎక్కిస్తారు. చార్లీకి అన్నీ వరసగా, ఒకే రూపంలో అందుతాయి. అంత శుభ్రమైన ఫైలు దొరికితే ఏ గణాంకవేత్త అయినా ఆనందంతో కళ్లనీళ్లు పెట్టుకుంటాడు.

ఒకే మనిషికి అన్ని శాఖలూ వస్తాయా? ఎఫ్‌బీఐ ప్రతి హత్యనూ విచారిస్తుందా?

రెండూ కథ కోసమే. సంఖ్యా సిద్ధాంతంలో పండినవాడు అంటువ్యాధుల నమూనాలు, తూటా గమనం, గ్రాఫ్ సిద్ధాంతం అన్నిట్లోనూ అదే దర్జాతో ఉండడు. తనకు తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తాడు.

అమెరికాలో మామూలు హత్యలు స్థానిక పోలీసులవే. బ్యాంకు దోపిడీ మాత్రం 1934 నుంచి ఫెడరల్ నేరం, కాబట్టి ఆ కేసుల్లో డాన్ ఉండటం సబబే. వరస హత్యల్లో స్థానికులు కోరితే ఎఫ్‌బీఐ దిగవచ్చు.

అమితా రామానుజన్ పాత్ర సంగతేమిటి?

నవి రావత్ వేసిన పాత్ర. పేరు శ్రీనివాస రామానుజన్‌ను తలపిస్తుంది. కథ మొదలయ్యేటప్పటికి ఆమె చార్లీ దగ్గర పరిశోధన చేసే విద్యార్థిని, క్రమంగా వాళ్లిద్దరి మధ్య ప్రేమ. తన గైడ్‌తోనే ప్రేమకథ నడపడం సిల్వర్‌బర్గ్ వంటి గణితజ్ఞులకు నచ్చలేదు. నాకూ నచ్చలేదు. లెక్కలో ఆమె చాలాసార్లు చార్లీకి సమానం, కొన్నిసార్లు ఒక మెట్టు పైన. కథ మాత్రం ఆమెను సహాయకురాలి కుర్చీలోనే ఎక్కువకాలం కూర్చోబెట్టింది.

ఇలాంటి గణితాన్ని పోలీసులు ఇప్పుడు వాడుతున్నారా?

వాడి చూశారు. భూకంపం తర్వాత చిన్న ప్రకంపనలు వచ్చే తీరును లెక్కగట్టే నమూనాతో, ఒక ఇంట్లో దొంగతనం జరిగితే చుట్టుపక్కల ఎక్కడ మళ్లీ జరగవచ్చో అంచనా వేసే ప్రెడ్‌పోల్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాని వెనక లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉన్నారు. శాంటా క్రూజ్ నగరం 2011లోనే దీన్ని పరీక్షించింది. 2020లో అదే నగరం ఇలాంటి ముందస్తు అంచనా సాఫ్ట్‌వేర్లను నిషేధించింది. లాస్ ఏంజెలెస్ పోలీసులు కూడా ఆ ఏడాదే ప్రెడ్‌పోల్‌ను ఆపేశారు.

చిక్కు సమీకరణంలో కంటే దానికి వేసే మేతలో ఉంది. పోలీసులు ఎక్కువ తిరిగిన పేటల్లోనే ఎక్కువ కేసులు నమోదవుతాయి. ఆ కేసులనే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, మళ్లీ ఆ పేటలకే వెళ్లమంటుంది. పోలీసులు వెళ్తారు, ఇంకొన్ని కేసులు రాస్తారు. చార్లీ పటం మీద ఎర్రబడిన గడిలో కాపురముండే మామూలు మనిషి కోణం నుంచి ఒక్క ఎపిసోడ్ తీసి ఉంటే బాగుండేది.

ఇన్ని తప్పులుంటే పిల్లలకు చూపించవచ్చా?

హైస్కూలు దాటినవాళ్లకు నిక్షేపంగా చూపించండి, హింస ఉన్న దృశ్యాల విషయంలో మాత్రం ముందు మీరు చూసి నిర్ణయించుకోండి. సీరియల్ నడిచిన కాలంలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ, అమెరికా గణిత ఉపాధ్యాయుల మండలితో కలిసి ఎపిసోడ్లకు తగ్గ అభ్యాసాలు తయారుచేసి బడులకు ఇచ్చింది. 2007లో అమెరికా నేషనల్ సైన్స్ బోర్డు సృష్టికర్తలకు పురస్కారం కూడా ఇచ్చింది.

మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. స్ప్రింక్లర్ ఘట్టం దగ్గర ఆపి, మీ ఊరి పటం మీద పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి తిరిగే ఇళ్లకు చుక్కలు పెట్టించి, అతని ఇల్లు ఎక్కడో ఊహించమనండి. తర్వాత ‘ఐడెంటిటీ క్రైసిస్’ చూడొచ్చు. ‘ప్రైమ్ సస్పెక్ట్’ను మాత్రం 8,633ని విడగొట్టించిన తర్వాతే చూపించండి.